బెయిల్ షరతులకు గడువు రాయరా?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీలో తరచుగా కనిపించే ఒక వాక్యం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. "నిందితులకు న్యాయస్థానం షరతులతో కూడిన బెయిల్ మంజూరు చేసింది" అన్నదే ఆ వాక్యం. వార్త అక్కడితో ముగుస్తుంది. కుర్రవాళ్లు ఇంటికి వచ్చేశారని, విచారణ మొదలయ్యేదాకా ఇక చెప్పుకోవలసింది ఏమీ ఉండదని అనుకొని చదివేవారు పేజీ తిప్పేస్తారు. రెండేళ్ల క్రితం వరకు నేనూ అలాగే తిప్పేవాణ్ణి. ముప్పై మూడేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన నేను, నా దగ్గర పదో తరగతి చదివిన ఒక పిల్లవాడికి జామీను నిలబడవలసి వచ్చింది. మా దిక్కు దాన్ని జమానతు అంటారు. ఆ 'షరతులతో కూడిన' అన్న మాట వెనుక ఏముంటుందో అప్పుడు గాని నాకు తెలిసిరాలేదు.

వినాయక నిమజ్జనం రాత్రి ట్రాక్టర్ ముందు నడిచే విషయంలో రెండు మండపాల పిల్లలకు మాటామాటా పెరిగింది. కర్రలు లేచాయి. ఒక పిల్లవాడి చెయ్యి విరిగింది, తలకు కుట్లు పడ్డాయి. ఫిర్యాదులో పదకొండు మంది పేర్లు చేరాయి, హత్యాయత్నం సెక్షన్ కూడా పడింది. మా వాడికి అప్పటికి పంతొమ్మిదేళ్లు, పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. కర్ర పట్టుకున్నాడా, పక్కన నిలబడ్డాడా అన్నది కోర్టు తేల్చవలసిన విషయం కాబట్టి దాని గురించి నేనేమీ చెప్పను. నేను చెప్పదలచినది అతనికి బెయిల్ వచ్చిన తరువాతి సంగతి మాత్రమే.

జిల్లా కోర్టు ఇద్దరు జామీనుదారులతో, ఒక్కొక్కరికి రూ.20 వేల పూచీకత్తు మీద బెయిల్ ఇచ్చింది. ఉత్తర్వు వచ్చిన రోజు పిల్లవాడు బయటికి రాలేదు, మరో ఆరు రోజులకు వచ్చాడు. తండ్రి సౌదీలో ఉన్నాడు, తల్లి బీడీలు చుడుతుంది. ఇల్లూ, ఎకరం పది గుంటల భూమీ చనిపోయిన తాత పేరు మీదే ఉన్నాయి, విరాసత్ కాలేదు, అంటే వారసుల పేరు మీదికి మారలేదు. కాబట్టి కన్నతల్లి తన కొడుకుకు పూచీ పడటానికి చట్టం దృష్టిలో ఆమె దగ్గర ఏమీ లేదు. పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఫొటోలు పట్టుకొని నేనొకణ్ణి, ఊళ్లో మరో రైతు ఒకరు కోర్టు వరండాలో నిలబడితే, ఇద్దరిలో ఎవరి రసీదు మీదనో ముద్ర సరిగా కనబడటం లేదని ఒక రోజు, సంబంధిత ఉద్యోగి సెలవులో ఉన్నాడని మరో రోజు, నడుమ ఆదివారం. చివరికి న్యాయమూర్తి నన్ను "ఇతను మీకేమవుతాడు?" అని అడిగారు. "నా విద్యార్థి" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి సంతకం చేశారు. అలాంటి మాస్టారు, అలాంటి పొరుగు రైతు లేని పిల్లల సంగతి ఏమిటన్న ఆలోచన ఆ రోజు నుంచి నన్ను వదలలేదు. కోర్టు చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర డబ్బు తీసుకొని జామీను ఉండేవాళ్లు దొరుకుతారని, కొందరి దగ్గర కాగితాలే దొంగవని అందరికీ తెలిసిందే. న్యాయమైన దారి ఇరుకైన చోటే ఆ వ్యాపారం నడుస్తుంది.

ఇది కొత్తగా పుట్టిన సమస్య కాదు. 1978లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినవాడు ఒక తాపీ మేస్త్రీ. రూ.10 వేల పూచీకత్తు అడగడమే కాక, అతని అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీనును కింది కోర్టు తోసిపుచ్చింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును తప్పుపట్టి వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద అతన్ని విడిచిపెట్టమన్నారు. బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయిన మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, ఆంధ్రుడు స్థానిక జామీనుదారును ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడని కూడా ఆ తీర్పు అడిగింది. ఆ మరుసటి ఏడాది హుస్సేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి, మనిషికి ఊళ్లో ఉన్న వేళ్లు చూసి సొంత పూచీకత్తు మీద విడుదల చేయవచ్చునన్నారు. అంటే కుటుంబం ఎక్కడుంది, పని ఎక్కడ, ఎన్నేళ్లుగా అక్కడ ఉంటున్నాడు అన్నవి ఆస్తి కాగితం కన్నా మంచి పూచీ అని అర్థం. దాదాపు యాభై ఏళ్లు గడిచాయి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ మార్గదర్శకాలు ఇస్తూ, బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ పేదలకు ఉచిత న్యాయసాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని, నెల రోజుల్లో పూచీకత్తు సమర్పించలేకపోతే కోర్టే తనంతట తాను షరతులను సడలించే సంగతి చూడవచ్చునని, స్థానిక జామీనుదారు కావాలన్న పట్టుదల విడుదలకు అడ్డుపడుతున్నదని చెప్పవలసి వచ్చింది. చెప్పిందే చెప్పవలసి వస్తోందంటే కింద ఏం జరుగుతోందో వేరే వివరించనక్కరలేదు.

సరే, పిల్లవాడు బయటికి వచ్చాడు. ఉత్తర్వులో మరి రెండు షరతులు ఉన్నాయి. ప్రతి ఆదివారం, బుధవారం ఉదయం పది నుంచి ఒంటిగంట మధ్య పోలీస్ స్టేషన్‌లో హాజరై సంతకం చేయాలన్నది ఒకటి. అనుమతి లేకుండా జిల్లా దాటరాదన్నది రెండోది. ఇవి ఎప్పటి వరకు? "తదుపరి ఉత్తర్వుల వరకు."

జిల్లా దాటరాదన్న షరతు గురించి ఒక మాట చెప్పాలి. 2016 అక్టోబరులో తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, ఇప్పుడు ముప్పై మూడు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయ్యాయి. పాత ఉమ్మడి కరీంనగర్‌లో జిల్లా దాటరాదంటే మంథని నుంచి కోరుట్ల దాకా తిరిగే వీలుండేది. ఇప్పుడు మా ఊరి నుంచి ఇరవై ఐదు కిలోమీటర్లు పోతే పక్క జిల్లా వస్తుంది. జిల్లాలు చిన్నవయ్యాయి గాని బెయిల్ ఉత్తర్వుల్లో ఆ మాట మాత్రం పాతదే నడుస్తోంది. మా వాడి కాలేజీ నలభై కిలోమీటర్ల అవతల, పక్క జిల్లాలో ఉంది. అంటే అతను క్లాసుకు పోయిన ప్రతి రోజూ అక్షరాలా షరతు ఉల్లంఘించినట్లే. ఈ సంగతి ఉత్తర్వు ఇచ్చేటప్పుడు ఎవరికీ తోచలేదు, ఎందుకంటే పిల్లవాడు ఎక్కడ చదువుతున్నాడని ఎవరూ అడగలేదు, మా న్యాయవాదీ చెప్పలేదు. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది. పూచీ పడినవాణ్ణి నేను, ఉత్తర్వు కాగితాన్ని పూర్తిగా చదివింది మాత్రం రెండు వారాల తరువాత.

బుధవారం అతనికి ల్యాబ్ ఉండేది. పది గంటలకు స్టేషన్‌కు వెళితే రెండు నిమిషాల్లో సంతకం పెట్టి పదిన్నర బస్సు పట్టుకోవచ్చునని మొదట అనుకున్నాం. మూడో వారం నేను కూడా వెంట వెళ్లాను. బల్ల మీద పొడుగాటి రిజిస్టరు ఉంది, దానికి దారంతో కట్టిన పెన్ను ఉంది. ఆ పేజీలో మా వాడిదే కాక మరో పద్నాలుగు పేర్లు ఉన్నాయి. పేరు ఎదురుగా వయసు రాసే గడి ఒకటి ఉంటే చూశాను. పంతొమ్మిది, ఇరవై ఒకటి, ఇరవై, ఇరవై మూడు, పద్దెనిమిది. ముప్పై దాటినవాళ్లు ఇద్దరే. ఎస్సై గారు బందోబస్తుకు వెళ్లారు, రైటరు గారు కోర్టుకు వెళ్లారు, రిజిస్టరు ఎదురుగానే ఉన్నా వాళ్ల సమక్షంలో పెట్టాలి కాబట్టి ఆగమన్నారు. బయట వేపచెట్టు గద్దె మీద ఆ పిల్లలందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. మధ్యలో ఒక కానిస్టేబుల్ వచ్చి ఆటోలో నుంచి నీళ్ల క్యాన్లు దింపమంటే ఇద్దరు లేచి దింపారు. ఎవరూ కసిరింది లేదు, కొట్టింది లేదు, ఆ మాటకు వస్తే ఆ కానిస్టేబుల్ మర్యాదగానే అడిగాడు. రెండు గంటల ఇరవై నిమిషాలు ఆగాక సంతకం అయింది. ల్యాబ్ పోయింది.

అలా పద్నాలుగు నెలలు. వారానికి రెండు చొప్పున నూటికి పైగా సంతకాలు. హాజరు తక్కువై ఆ ఏడు డిటెయిన్ అయ్యాడు, అంటే పై తరగతికి పోలేకపోయాడు. ఆదివారం పూట పట్నంలో క్యాటరింగ్ పనికి పోయి సంపాదించుకునే నాలుగు వందలు కూడా ఆగిపోయాయి. ఊళ్లో అతనికి 'సంతకం పోరడు' అని పేరు పడింది. మండలంలో ఎక్కడ మోటారు సైకిల్ పోయినా, గుడి హుండీ పగిలినా ముందుగా ఫోన్లు వెళ్లేది ఆ రిజిస్టరులోని నంబర్లకే. కేసు ఒకటి, అనుమానాలు పది. ఇరవై ఏళ్లవాడు రెండుసార్లు స్టేషన్ గద్దె మీద కూర్చుంటే భయపడతాడు, యాభై సార్లు కూర్చుంటే అలవాటు పడతాడు. నాకు ఆ అలవాటే ఎక్కువ కలవరం కలిగించింది. గద్దె మీద పక్కన కూర్చునేవాడు బైకుల దొంగతనం కేసువాడు, అవతలివాడు గంజాయి కేసువాడు. కాలేజీలో స్నేహితులు దూరమైన చోట వీళ్లు స్నేహితులయ్యారు. బడిలో ఒక మొండి పిల్లవాణ్ణి వెనక బెంచీకి పంపితే ఏమవుతుందో ముప్పై మూడేళ్లు చూసినవాణ్ణి కాబట్టి నాకిది కొత్త కాదు.

షరతులే వద్దనడం నా ఉద్దేశం కాదని ఇక్కడ స్పష్టం చేయాలి. పల్లెటూళ్లో నిందితుడు, ఫిర్యాదుదారు, సాక్షి ఒకే వాడలో ఉంటారు, ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటారు. సాక్షులను బెదిరించరాదన్న షరతు లేకపోతే కేసు మొదలు కాకముందే ముగుస్తుంది. ఆడపిల్లల వెంటపడిన కేసుల్లో ఆ అమ్మాయి ఇంటి వైపు, కాలేజీ వైపు పోరాదన్న షరతును ఎంత గట్టిగా అమలుచేస్తే అంత మంచిది. అటువంటి కేసుల్లో షరతులు దారి తప్పిన సందర్భాలూ లేకపోలేదు. నిందితుడు బాధితురాలి ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోవాలని మధ్యప్రదేశ్‌లో పెట్టిన షరతును 2021 మార్చిలో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాబట్టి ఏ షరతు అయినా ఒక అవసరం నుంచి పుట్టాలి. నిందితుడు పారిపోకుండా, సాక్ష్యం చెడకుండా, మళ్లీ నేరం జరగకుండా చూడటానికి ఆ షరతు ఎలా ఉపయోగపడుతుందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ఛార్జిషీటు వేసి, సాక్షుల వాంగ్మూలాలు రాసుకొని, దర్యాప్తు ముగిసిన తరువాత కూడా వారానికి రెండుసార్లు స్టేషన్‌లో సంతకం ఏ అవసరం తీరుస్తుందో ఆ వాక్యం నాకు ఎవరూ చెప్పలేదు. మా వాడి కేసులో ఛార్జిషీటు అయిదో నెలలోనే దాఖలైంది. సంతకం పద్నాలుగో నెల దాకా సాగింది. కావాలని సాగదీసినవారు ఎవరూ లేరు, ఆపవలసిన పని ఎవరిదీ కాకపోవడం వల్లనే సాగింది.

ఆపాలంటే సడలింపు పిటిషన్ వేయాలి. బెయిల్ ఇచ్చిన కోర్టులోనే వేయాలి. దానికి వేరే ఫీజు, వేరే వాయిదాలు. ప్రాసిక్యూషన్ కౌంటర్ వేయడానికి ఒక వాయిదా, జడ్జి గారు సెలవు కాబట్టి మరో వాయిదా. మొదటి పిటిషన్‌కు డబ్బు సమకూరేసరికి మా వాడికి ఏడాది గడిచింది. మిగిలిన పది మందిలో ముగ్గురు అసలు వేయనే లేదు, వాళ్లు నేటికీ సంతకాలు పెడుతూనే ఉన్నారు. వాళ్లలో ఒకడు హైదరాబాదులో పని మానుకొని వచ్చేశాడు. ఇంకొకడు రెండు బుధవారాలు తప్పితే బెయిల్ రద్దు చేయిస్తామని కబురు వచ్చింది. కోర్టు వాయిదాకు రాకపోతే నాన్ బెయిలబుల్ వారెంటు, బెయిల్ మీద ఉండి కారణం లేకుండా కోర్టుకు హాజరు కాకపోవడం భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడే మరో నేరం. మొదటి నేరం రుజువు కాకముందే షరతుల దారిన రెండో కేసులోకి జారిపోయే కుర్రవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు చట్టంలోని ఒక విచిత్రాన్ని మీ పాఠకుల ముందు పెట్టాలనుకుంటున్నాను. ఇదే గొడవలో పదిహేడేళ్ల పిల్లవాడు ఒకడు ఉన్నాడు, అతని కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్లింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లవాణ్ణి జామీనుతోగాని జామీను లేకుండాగాని విడిచిపెట్టవచ్చు, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచవచ్చు. షరతులను ఏడు రోజుల్లో నెరవేర్చలేకపోతే పిల్లవాణ్ణి తిరిగి బోర్డు ముందు హాజరుపరచి ఆ షరతులను మార్చాలని అదే సెక్షన్ చెబుతోంది. ఆ పిల్లవాడికి స్టేషన్ సంతకం లేదు. అతను ఇంటర్ పూర్తి చేసుకున్నాడు. ఇద్దరికీ మధ్య తేడా పద్దెనిమిది నెలలు. ఒక పుట్టినరోజుకు ఇటు ఉన్నవాడికి ఏడు రోజుల్లో షరతు నెరవేరకపోతే దాన్ని మార్చే ఏర్పాటు ఉంది, అటు ఉన్నవాడికి "తదుపరి ఉత్తర్వుల వరకు" అన్న మాట ఉంది.

పద్దెనిమిది దాటిన రోజునే మనిషి పెద్దవాడైపోడని చట్టానికి తెలియకపోలేదు. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 6వ సెక్షన్ చూడండి. యావజ్జీవ శిక్ష పడే నేరాలు కాకుండా మిగిలిన వాటిలో, ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాడు దోషి అని తేలినా సరే, ఎందుకు జైలుకు పంపక తప్పదో కారణాలు రాయకుండా అతన్ని జైలుకు పంపరాదని అది కోర్టును కట్టడి చేస్తుంది. దోషిగా తేలిన ఇరవై ఏళ్లవాడి విషయంలో ఇంత ఆలోచించిన చట్టం, దోషో కాదో ఇంకా తేలని ఇరవై ఏళ్లవాడికి బెయిల్ షరతులు పెట్టే దగ్గర అతని వయసును పట్టించుకోమని ఒక్క మాట కూడా చెప్పదు. శిక్ష కంటే శిక్షకు ముందరి కాలమే బరువైపోతోంది.

వీళ్లు పదుల్లోనో వందల్లోనో లేరు. జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రచురించిన 2022 జైలు గణాంకాల ప్రకారం దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. వారిలో దాదాపు సగం మంది 18 నుంచి 30 ఏళ్ల లోపువారు. వీరు జైల్లో ఉన్నవారు. బెయిల్ మీద బయట ఉండి గద్దెల మీద కూర్చునేవాళ్ల సంఖ్య ఆ గణాంకాల్లో ఉండదు. ఒక్క మాట ఒప్పుకోవాలి, జైల్లో ఉన్నవారి కోసం ఈ మధ్య కొంత జరిగింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్షగాని యావజ్జీవ శిక్షగాని పడే నేరాలు కాకపోతే, మొదటిసారి కేసులో చిక్కినవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే విడుదలకు అర్హుడు. పేద ఖైదీలకు సాయం అందించే కేంద్ర పథకం కింద 2023 నుంచి పూచీకత్తు సొమ్మును ఒక పరిమితి దాకా జిల్లా కమిటీ ద్వారా చెల్లించే వీలుంది. అయితే మాదకద్రవ్యాల కేసులకు అది వర్తించదు. కూలి డబ్బుకు ఆశపడి మూట మోసి పట్టుబడ్డ పాడేరు ఏజెన్సీ పిల్లలు ఎంతమంది విశాఖ జైల్లో ఉన్నారో తెలిసినవారికి ఈ మినహాయింపు ఎవరి మీద పడుతుందో తెలుస్తుంది.

ఒకే కుర్రవాడి మీద అయిదారు కేసులున్నప్పుడు మరో చిక్కు. సెల్‌ఫోన్లు, బైకుల దొంగతనాల్లో ఒకణ్ణి పట్టుకుంటే నాలుగు స్టేషన్ల కేసులు వరుసగా చూపిస్తారు. ప్రతి కేసుకూ వేర్వేరు జామీనుదారులు కావాలంటే ఎవరు వస్తారు? 2024 ఆగస్టులో గిరీశ్ గాంధీ కేసులో పదమూడు కేసుల్లో బెయిల్ వచ్చినా జామీనుదారులు దొరకక జైల్లోనే ఉన్నవాడి విషయం సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మనిషికి జామీను ఉండేది దగ్గరి బంధువో చిరకాల మిత్రుడో తప్ప ఎవరుంటారని కోర్టు గుర్తించి, అవే జామీనులను కేసులన్నిటికీ అంగీకరించమంది. అంతకు నెల ముందు ఫ్రాంక్ వైటస్ కేసులో, నిందితుడు ఫోన్‌లో గూగుల్ మ్యాప్ ద్వారా తానున్న చోటును దర్యాప్తు అధికారికి ఎప్పుడూ తెలిసేలా ఉంచాలన్న షరతు చెల్లదని, బెయిల్ మీద ఉన్నవాడి వ్యక్తిగత జీవితంలోకి పోలీసులు నిత్యం తొంగిచూసే వీలు కల్పించరాదని చెప్పింది. వారానికి రెండుసార్లు స్టేషన్ గద్దె ఎక్కించడం ఆ తొంగిచూపుకు ఎంత దూరంలో ఉందో న్యాయం తెలిసినవారు ఆలోచించాలి.

మా ప్రాంతానికి ప్రత్యేకమైన బాధ ఇంకొకటి ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. డిప్లొమా చేతిలో ఉన్న కుర్రవాడికి దుబాయి, ఖతార్‌లలో ఏసీ మెకానిక్, ఎలక్ట్రీషియన్ పనులు దొరుకుతాయి. క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే 1967 పాస్‌పోర్ట్ చట్టం 6వ సెక్షన్ కింద పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. 1993 ఆగస్టులో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కేసు ఉన్న కోర్టు అనుమతిస్తే ఇవ్వవచ్చు, కోర్టు గడువేమీ చెప్పకపోతే ఏడాదికి ఇస్తారు. అంటే ఇంకో పిటిషన్, ఇంకో ఫీజు. కానిస్టేబుల్ ఉద్యోగానికి రాసేవాడు పెండింగు కేసు వివరం నింపాలి, దాస్తే ఎంపికయ్యాక ఊడుతుంది, చెబితే ఎంపిక అనుమానమే. కేసు ఉన్నందుకు ఈ ఇబ్బందులు తప్పవనుకున్నా, కేసు ఎప్పుడు తేలుతుందో తెలియనప్పుడు ఇరవై నుంచి ఇరవై ఆరు దాకా బతుకు తాళం వేసి ఉంటుంది. మనిషి పని నేర్చుకొని స్థిరపడే వయసే అది.

గాయపడ్డ పిల్లవాడు కూడా నా విద్యార్థే. ఈ మధ్య అతని తల్లి అంగడిలో కనిపించింది. నేను అవతలివాడికి జామీను ఉన్నానని ఆమెకు కోపం ఉంటుందనుకొని తప్పించుకోబోయాను. ఆమే పలకరించింది. సంతకాల మాట వచ్చినప్పుడు ఆమె అన్నది ఇది: "గాళ్లు సంతకాలు పెడితె నా కొడుకు చెయ్యి మంచిగైతదా సారూ? రెండేండ్లాయె, మమ్ముల సాక్ష్యానికే పిలువకపాయె. కేసు తేలాలె గాని." గట్టి షరతులు బాధితుల కోసమేనన్న వాదన విన్నప్పుడల్లా నాకు ఆమె మాట గుర్తుకొస్తుంది. విచారణ జరపలేని వ్యవస్థ, తాను ఏదో చేస్తున్నానని చూపించుకోవడానికి రిజిస్టరు తెరిచి పెట్టిందేమో అనిపిస్తుంది. దానివల్ల గాయపడినవాడికీ ఒరిగిందేమీ లేదు.

కాబట్టి హైకోర్టులకు, న్యాయసేవాధికార సంస్థలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం పెద్దదేమీ కాదు. "తదుపరి ఉత్తర్వుల వరకు" అన్న మాట బదులు, ప్రతి షరతు పక్కన ఒక తేదీ రాయాలి. "ఛార్జిషీటు దాఖలయ్యే వరకు" అనో, "మూడు నెలలు" అనో రాస్తే, ఆ తేదీ దాటాక షరతు కొనసాగాలంటే కారణం చూపవలసింది ప్రాసిక్యూషన్ అవుతుంది. ఇప్పుడు తీసేయాలంటే కారణం చూపవలసింది బీడీలు చుట్టే తల్లి. ఇది తారుమారు కావాలి. కొన్ని కోర్టులు ఛార్జిషీటు వరకే అని రాస్తున్నాయి కూడా, అక్కడ ఆకాశమేమీ విరిగిపడలేదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారి విషయంలోనైనా బాలల చట్టంలోని ఏడు రోజుల పద్ధతిని పాటించడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు, 2023 మార్గదర్శకాలను కొంచెం ముందుగా వాడుకుంటే చాలు. 2022 జులైలో సతేందర్ కుమార్ అంతిల్ తీర్పులో సుప్రీంకోర్టు బెయిల్ కోసం ప్రత్యేక చట్టం తెచ్చే విషయం ఆలోచించమని కేంద్రానికి సూచించింది. అది వచ్చినప్పుడు రానీ.

ఉత్తర్వు ఇచ్చే ముందు నిందితుణ్ణి న్యాయమూర్తి అడగవలసిన ప్రశ్నలు నా లెక్క ప్రకారం రెండే. ఏం చదువుతున్నావు లేదా ఏం పని చేస్తున్నావు, అది ఎక్కడ? ఆ జవాబు తెలిస్తే సంతకం బుధవారం కాకుండా ఆదివారం పడుతుంది, సొంతూరి స్టేషన్ కాకుండా కాలేజీ పక్క స్టేషన్‌లో పడుతుంది, 'జిల్లా' అన్న మాట బదులు 'రాష్ట్రం' అన్న మాట పడుతుంది. స్టేషన్ల వైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది. వచ్చినవాడు వచ్చిన సమయం రిజిస్టరులో రాసి, బాధ్యుడు ఎవరున్నా పావుగంటలో సంతకం పెట్టించి పంపేయమని ఒక సర్క్యులర్ చాలు. న్యాయసేవాధికార సంస్థల ఉచిత న్యాయవాదులు బెయిల్ వచ్చేదాకా సాయపడుతున్నారు, మంచిదే. బెయిల్ వచ్చాక సడలింపు పిటిషన్లు కూడా వారి పనిలో భాగమేనని గ్రామాల్లో ఎవరికీ తెలియదు. మాకూ తెలియదు. తెలిసి ఉంటే మా వాడి తల్లి ఫీజు కోసం ఏడాది ఆగవలసిన పని ఉండేది కాదు. మీ విలేఖరులు ఆ ఒక్క సమాచారాన్ని బెయిల్ వార్త చివర చేర్చినా చాలామందికి దారి దొరుకుతుంది.

మా వాడి కేసు ఇప్పుడు సాక్షుల దశకు వచ్చింది. నా పాసుపుస్తకం నకలు, నా ఫొటో కోర్టు ఫైలులో ఉన్నాయి, కేసు ముగిసేదాకా ఉంటాయి. సంతకం పోయింది గాని వాయిదాలు ఉన్నాయి. వచ్చే వాయిదా పడిన తేదీనే అతనికి డిటెయిన్ అయిన సెమిస్టరు పరీక్ష ఉంది. హాల్ టికెట్ నకలు జతచేసి ఆ ఒక్క రోజుకు ఆబ్సెంట్ పిటిషన్ వేయమని వకీలు గారికి నిన్ననే ఇచ్చి వచ్చాం.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
ఉమ్మడి కరీంనగర్ జిల్లా